నెలసరి తేదీ వెనక్కి జరగడానికి టీకా కారణం కావచ్చు, ఏడాదిన్నర రక్తస్రావానికి కాదు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినావిడకు 41 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. 2021లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్న నెలలో నెలసరి తొమ్మిది రోజులు ఆలస్యమైంది, బ్లీడింగ్ కూడా మామూలుకన్నా ఎక్కువైంది. డాక్టరును అడిగితే టీకాకూ దీనికీ సంబంధం లేదని, మనసులో పెట్టుకోవద్దని చెప్పి పంపేశారు. తర్వాతి నెలల్లో అంతా సర్దుకుంది. ఏడాదిన్నరగా మాత్రం ప్రతి నెలా ఎనిమిది, తొమ్మిది రోజులు గడ్డలు గడ్డలుగా పోతోంది. ఇప్పుడు పదమూడేళ్ళ కూతురికి పిల్లల డాక్టరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించమంటున్నారు. "నాకు ఇదంతా టీకాతోనే మొదలైంది. అమ్మాయికి కూడా ఇలాగే అయితే? రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టకపోతే?" అని ఆమె భయం.

అమ్మా, మీ ప్రశ్నలో మూడు వేర్వేరు సంగతులు ఒకే ముడిలో పడిపోయాయి. వాటిని విడదీస్తాను. 2021లో ఆ ఒక్క నెల తేదీ జరగడానికి, బ్లీడింగ్ ఎక్కువ కావడానికి టీకా కారణమై ఉండవచ్చు. మీరు ఊహించుకున్నది కాదు. ఏడాదిన్నరగా జరుగుతున్నదానికి మాత్రం టీకాతో సంబంధం లేదు. దానికి వేరే కారణం ఉంది, దాన్ని ఈ నెలలోనే వెతకాలి. ఇక అమ్మాయికి టీకా వేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలిగా చాలా ఏళ్ళు ఓపీ చూసినదాన్ని కాబట్టి ఈ మూడూ ఎందుకంటున్నానో కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా మీకు దొరికిన ఆ జవాబు సంగతి. 2021 మధ్యలో "సంబంధం ఉందని తెలియదు" అని చెప్పి ఉంటే ఆ డాక్టరుగారి మాట సరిపోయేది. "సంబంధం లేదు" అనడానికి అప్పటికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, ఎందుకంటే ఆ సంగతి ఎవరూ పరీక్షించలేదు. కోవిడ్ టీకాల ట్రయల్స్‌లో జ్వరం వచ్చిందా, చెయ్యి నొప్పి పుట్టిందా, తలనొప్పా అని మొదటి వారం రోజులు శ్రద్ధగా రాయించుకున్నారు. ఆడవాళ్ళను ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగింది గర్భం లేదని నిర్ధారించుకోవడానికే. టీకా తర్వాత నెలసరి ఎలా వచ్చిందని అడగలేదు. టీకాలు కోట్లమందికి చేరాక ఆడవాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు. బ్రిటన్‌లో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఎల్లో కార్డ్ పద్ధతికి 2021 సెప్టెంబరు మొదటి వారానికే 30,000కు పైగా ఇలాంటి ఫిర్యాదులు అందాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రత్యుత్పత్తి వ్యవస్థ రోగనిరోధకత మీద పనిచేసే విక్టోరియా మేల్ అప్పుడే రాశారు: దీన్ని కొట్టిపారేయవద్దు, పరిశోధించండి, జవాబు లేకపోతే ఆ ఖాళీలోకి పుకార్లు వచ్చి కూర్చుంటాయి అని.

మన దగ్గర పుకార్లు అప్పటికే వచ్చి కూర్చున్నాయి. 18 ఏళ్ళు దాటినవారందరికీ టీకాలు 2021 మే 1 నుంచి మొదలవుతాయనగా, ఏప్రిల్‌లో వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత ఆడవాళ్ళు టీకా వేయించుకోకూడదని, ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుందని దాని సారాంశం. కేంద్రం వెంటనే అది అబద్ధమని ప్రకటించింది. కానీ ఆ ఐదు రోజులు ముందూ వెనకా లెక్కేసుకుంటే నెలలో సగం రోజులు పోతాయి. రెండో వేవ్ ఊళ్ళను చుట్టేస్తున్నప్పుడు టీకా వాయిదా వేసుకున్నవాళ్ళను నేను చూశాను. నెలసరి రోజుల్లో టీకా వేయించుకుంటే ఏ ప్రమాదమూ లేదు, టీకా పని తగ్గదు. ఇది ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆధారాలు. 2021 ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఐదు విశ్వవిద్యాలయాలకు ఈ ప్రశ్న మీద పరిశోధనకు 16.7 లక్షల డాలర్లు ఇచ్చింది. వాటిలో ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిసన్ ఎడెల్మన్ బృందం మంచి పద్ధతి ఎంచుకుంది. టీకా తర్వాత "మీకేమైనా తేడా వచ్చిందా" అని అడిగితే తేడా వచ్చినవాళ్ళే ఎక్కువగా జవాబిస్తారు. అందుకని ఫోను యాప్‌లో నెలనెలా తేదీలు ముందునుంచే నమోదు చేసుకుంటున్నవారి వివరాలు తీసుకున్నారు. 2022 జనవరిలో వచ్చిన మొదటి అధ్యయనంలో 3,959 మంది అమెరికన్ మహిళలున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో అనేక దేశాల నుంచి 19,622 మందితో పెద్ద అధ్యయనం వచ్చింది. టీకా వేయించుకోనివారితో పోలిస్తే, వేయించుకున్నవారిలో నెలసరి చక్రం, అంటే ఒక నెలసరి మొదలైన రోజు నుంచి తర్వాతిది మొదలయ్యేదాకా పట్టే కాలం, సగటున ఒక రోజుకన్నా తక్కువే పెరిగింది. మొదటి డోసుకు 0.71 రోజు, రెండో డోసుకు 0.56 రోజు. నెలసరి ఉండే రోజుల సంఖ్య మారలేదు. ఆస్ట్రాజెనెకా టీకా, అంటే మన కోవిషీల్డే, వేయించుకున్నవారు కూడా అందులో ఉన్నారు. టీకా రకాన్ని బట్టి తేడా కనిపించలేదు. తర్వాతి చక్రాలకు చాలామంది పాత లెక్కకు వచ్చేశారు.

ఒకే చక్రంలో రెండు డోసులూ పడినవారికి మాత్రం దాదాపు నాలుగు రోజుల ఆలస్యం కనిపించింది. మన దగ్గర 2021 మే మధ్య నుంచి కోవిషీల్డ్ డోసుల మధ్య 12 నుంచి 16 వారాల ఎడం పెట్టారు కాబట్టి ఆ ఇబ్బంది చాలామందికి తప్పింది. నాలుగు వారాలకే రెండో డోసు పడే కోవాగ్జిన్ వేయించుకుని, నెలసరి 35 రోజులకోసారి వచ్చేవాళ్ళకు అలా జరిగే వీలుండేది.

"సగటున ముప్పావు రోజు అంటున్నారు, నాకు తొమ్మిది రోజులు జరిగింది కదా" అంటారు మీరు. న్యాయమైన మాటే. సగటు అనేది అందరినీ కలిపి తీసిన లెక్క. కొందరికి ఏమీ మారదు, కొందరికి చాలా మారుతుంది. ఆ పెద్ద అధ్యయనంలో ఎనిమిది రోజులు, అంతకన్నా ఎక్కువ తేడా వచ్చినవారు టీకా వేయించుకున్నవారిలో 6.2 శాతం, వేయించుకోనివారిలో 5 శాతం. వెయ్యిమందిని తీసుకుంటే 62 మంది, 50 మంది. అంటే అసలు టీకాయే వేయించుకోకపోయినా యాభైమందికి ఏదో ఒక కారణంతో అలా జరిగేదే. మీ తొమ్మిది రోజులు ఆ యాభైలోవా, పైనున్న పన్నెండులోవా అన్నది ఇప్పుడు ఏ డాక్టరూ తేల్చలేరు. అందుకే "కావచ్చు" అన్నాను.

బ్లీడింగ్ ఎక్కువ కావడం విషయంలో ఆధారం ఇంకాస్త గట్టిది. నార్వేలో 18 నుంచి 30 ఏళ్ళ అమ్మాయిలను అడిగితే, మామూలుకన్నా ఎక్కువ పోయిందన్నవారు మొదటి డోసుకు ముందు 7.6 శాతం, తర్వాత 13.6 శాతం. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2022 అక్టోబరులో ఫైజర్, మోడెర్నా టీకాల దుష్ప్రభావాల జాబితాలో అధిక నెలసరి రక్తస్రావాన్ని చేర్చమని చెప్పింది. ఎక్కువగా తాత్కాలికమే, ప్రమాదకరం కాదు అని కూడా స్పష్టం చేసింది. మరోవైపు స్వీడన్‌లో 29 లక్షల మంది మహిళల ఆసుపత్రి రికార్డులు చూస్తే, నెలసరి సమస్యలతో డాక్టరు దాకా వెళ్ళినవారి సంఖ్య టీకా వల్ల చెప్పుకోదగ్గంత పెరగలేదు. రెండూ నిజమే. ఇంట్లో గమనించేంత మార్పు, ఆసుపత్రికి వెళ్ళనవసరం లేనంత మార్పు.

ఇక్కడ నాదొక అభ్యంతరం ఉంది. "స్వల్పం, తాత్కాలికం" అన్న మాట ఆ దేశాల ఆడవాళ్ళకు సరిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్న మనిషికి ఒక్క నెల ఎక్కువ పోయినా కళ్ళు తిరుగుతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మన టీకా కేంద్రాల్లో "ఈ నెల కొంచెం తేడా రావచ్చు, ఎక్కువ పోతే వచ్చి రక్తం పరీక్ష చేయించుకోండి, ఐరన్ మాత్రలు మానకండి" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోమని మాత్రం అందరికీ చెప్పారు.

ఇదంతా ఎలా జరుగుతుందని కూడా అడుగుతుంటారు. నెలసరి తేదీని నిర్ణయించేది గర్భసంచి కాదు, మెదడు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయాలకు సంకేతాలు వెళ్ళి అండం విడుదలవుతుంది. అండం విడుదలయ్యాక నెలసరికి పట్టే కాలం దాదాపు స్థిరంగా, రమారమి రెండు వారాలు ఉంటుంది. అటూ ఇటూ జరిగేది అంతకుముందు భాగమే. టీకా పడగానే రోగనిరోధక వ్యవస్థ మేల్కొని విడుదల చేసే రసాయనాలు ఆ సంకేతాలు కాస్త తడబడేలా చేస్తాయి. అండం ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, నెలసరి కూడా అంతే ఆలస్యమవుతుంది. ఎడెల్మన్ బృందమే 2024లో ప్రచురించిన ఫలితాలు దీన్ని బలపరిచాయి: చక్రం మొదటి సగంలో, అంటే అండం విడుదలకు ముందు, టీకా వేయించుకున్నవారికే సగటున ఒక రోజు జరిగింది. రెండో సగంలో వేయించుకున్నవారికి ఏ మార్పూ లేదు. బ్లీడింగ్ పెరగడానికి గర్భసంచి లోపలి పొరలో ఉండే రోగనిరోధక కణాలు కారణమని అనుకుంటున్నారు. ఆ పొర ఊడి, మళ్ళీ మానే పనిలో వాటికీ పాత్ర ఉంది. కోవిడ్ జబ్బు వచ్చినా ఇదే జరుగుతుంది, అప్పుడు ఒళ్ళు ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది.

కారణం టీకాయే అని తీర్మానించే ముందు నేను ఓపీలో మరో రెండు ప్రశ్నలు తప్పకుండా అడిగేదాన్ని. 2021 శ్రావణమాసంలో ఒకావిడ వచ్చింది. ఇంట్లో గోడ క్యాలెండర్‌ను ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, వాటి పక్కనే నెలసరికి ఎర్ర చుక్క, టీకాకు గుండ్రటి సున్నా. రెండో డోసు తర్వాత పదిహేను రోజులకే మళ్ళీ బ్లీడింగ్ మొదలైందని కంగారుపడుతోంది. వేరే మాత్రలేమైనా వాడావా అమ్మా అంటే ముందు లేదంది. వరలక్ష్మీ వ్రతం ఏ రోజు చేసుకున్నావంటే అప్పుడు చెప్పింది, మెడికల్ షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని వారం రోజులు వేసుకుని ఆపేశానని. ఆ మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ రావడం సహజం. టీకా ఆ దారిన పోతూ నిందలో ఇరుక్కుంది. పెళ్ళిళ్ళకు, యాత్రలకు, వ్రతాలకు ఆ మాత్రలు వాడటం మనకు ఎంత మామూలంటే, అవి మందులన్న లెక్కలోకే రావు. రెండో ప్రశ్న, కోవిడ్ వచ్చినప్పుడు స్టెరాయిడ్లు వాడారా అని. రెండో వేవ్‌లో చాలామంది వాడారు, అవి నెలసరిని బాగా తప్పిస్తాయి. ఇవి కాక, తేదీ దాటితే మొట్టమొదట చేయాల్సింది గర్భ పరీక్ష. టీకా వల్ల ఆలస్యమైందనుకుని మూడో నెలలో వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది 2021 నాటి తొమ్మిది రోజులు కాదు, ఈ ఏడాదిన్నర. టీకా ప్రభావం ఒకటి రెండు నెలల్లో ముగిసిపోతుంది. మధ్యలో బాగానే ఉండి, ఏళ్ళ తర్వాత మొదలై, ప్రతి నెలా ఎనిమిది తొమ్మిది రోజులు గడ్డలుగా పోవడం దాని లక్షణం కాదు. 41 ఏళ్ళ వయసులో ఇలా జరిగితే నేను ముందుగా చూసేవి గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్, లోపలి పొర మీద పిలకలా పెరిగే పాలిప్, థైరాయిడ్ లోపం. టీకా వల్లేననుకుని ఏడాదిన్నర ఆగిపోయారు చూడండి, నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో టీకా పేరుతో మీకు జరిగిన అసలు నష్టం అదే. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటినవారికి మళ్ళీ చుక్క రక్తం కనిపించినా ఇదే మాట: టీకా తర్వాత కనిపించినా సరే, గర్భసంచి క్యాన్సర్ లేదని తేల్చుకున్నాకే మిగతా మాటలు. కలయిక తర్వాత రక్తం కనిపించినా అంతే.

మీరు చేయించుకోవలసినవి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష, పొత్తికడుపు స్కానింగ్, గర్భాశయ ముఖద్వారం పరీక్ష. లోపలి పొర మందంగా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమంటారు, భయపడకండి. గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు వరుసగా తడిసినా, నిలబడితే కళ్ళు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్ళండి. బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు బాగా పనిచేస్తాయి, కానీ రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చినవాళ్ళు వాడకూడదు. అందుకని షాపులో అడిగి కొనుక్కోకండి. ఇంకొక మాట: గర్భసంచి తీసివేత ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ముందున్నాయి. పిల్లలు పుట్టేశారు కదా, తీసేయిద్దాం అని మొదటి రోజే ఎవరైనా అంటే ఇంకో డాక్టరును కలవండి. మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం, గడ్డ ఒక్కటే తీయడం లాంటి దారులు అంతకుముందు చాలా ఉన్నాయి. నలభై దాటీ దాటకుండా ఆ ఆపరేషన్ చేయించుకుని తర్వాత ఎముకల నొప్పులతో వచ్చినవాళ్ళను మా ఓపీలో లెక్కలేనంత మందిని చూశాను.

పిల్లలు పుట్టరన్న భయం గురించి. కోవిడ్ టీకా వల్ల సంతానం కలగదన్నది నిజం కాదు. టీకాల ట్రయల్స్ జరుగుతుండగానే కొందరు అనుకోకుండా గర్భం దాల్చారు. నిజం టీకా పడినవారిలోనూ, ఉత్త సూది పడినవారిలోనూ ఆ సంఖ్య ఇంచుమించు సమానం. బోస్టన్ విశ్వవిద్యాలయం పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 2,126 మంది మహిళలను గమనించి 2022లో ఇదే చెప్పింది. భార్య వేయించుకున్నా భర్త వేయించుకున్నా గర్భం వచ్చే అవకాశం తగ్గలేదు. మగవాళ్ళకు కోవిడ్ జబ్బు వచ్చిన రెండు నెలల్లోపు మాత్రం కొంత తగ్గినట్టు కనిపించింది.

హెచ్‌పీవీ టీకా వేరు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది. దానిమీద తెలుగువారికి అనుమానం ఉండటానికి ఒక చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో, ఎక్కువగా భద్రాచలం ప్రాంతపు గిరిజన బాలికలకు ఒక అధ్యయనం పేరుతో ఈ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్నది గట్టి ఆరోపణ, పార్లమెంటరీ సంఘం కూడా తప్పుపట్టింది. అక్కడ తప్పు మనుషులది, పద్ధతిది. జపాన్‌లో కూడా ఇలాంటి భయంతోనే 2013లో ప్రభుత్వం ఈ టీకాను సిఫారసు చేయడం ఆపింది, వేయించుకునేవారు ఒక శాతం లోపుకు పడిపోయారు. అప్పుడు నగోయా నగరంలో దాదాపు 30,000 మంది అమ్మాయిలను నెలసరి తప్పడం సహా 24 లక్షణాల గురించి అడిగారు. టీకా వేయించుకున్నవారిలో, వేయించుకోనివారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నెలసరి కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినవారు మాత్రం టీకా వేయించుకున్నవారిలో కాస్త ఎక్కువ కనిపించారు. భయం, వార్తలు అందుకు కారణం కావచ్చని నా అభిప్రాయం. 2022 ఏప్రిల్ నుంచి జపాన్ మళ్ళీ సిఫారసు మొదలుపెట్టింది. అండాశయాలు ముందే పనిమానేస్తాయన్న వదంతిని అమెరికాలో దాదాపు రెండు లక్షల మంది అమ్మాయిల రికార్డులతో సరిచూశారు, అలాంటిదేమీ దొరకలేదు. మరోవైపు స్వీడన్‌లో 17 ఏళ్ళలోపు ఈ టీకా వేయించుకున్నవారిలో ఆ క్యాన్సర్ 88 శాతం తగ్గింది. మన దేశంలో అది ఏటా 1.2 లక్షలకు పైగా ఆడవాళ్ళకు వస్తోంది, 75 వేలకు పైగా మంది చనిపోతున్నారు. ఆఖరి దశలో వాళ్ళు పడే బాధ వార్డులో చూసినదాన్ని కాబట్టి ఈ టీకా విషయంలో నాకు ఊగిసలాట లేదు.

ఒక్క సంగతి ముందే గుర్తుంచుకోండి. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు ఏ అమ్మాయికైనా నెలసరి 21 రోజులకూ రావచ్చు, 45 రోజులకూ రావచ్చు. ఈ వయసులో టీకా వేయించినా, పరీక్షలు రాసినా, ఊరు మారినా ఆ తర్వాతి నెల తప్పితే దానికి అదే కారణంలా కనిపిస్తుంది. టీకాకు ముందే మూడు నాలుగు నెలల తేదీలు రాసిపెట్టుకుంటే మీకు పోల్చుకోవడానికి లెక్క ఉంటుంది. మూడు నెలలు అసలు రాకపోయినా, ఎనిమిది రోజులు దాటి పోతున్నా చూపించండి. 15 ఏళ్ళలోపు కాబట్టి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు చాలు. వేసేటప్పుడు కూర్చోబెట్టి వేయించండి, తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే ఉండండి, ఈ వయసు పిల్లలు సూది భయానికి కళ్ళు తిరిగి పడిపోతుంటారు. ఆ రోజు అమ్మాయికి నెలసరి వచ్చినా తేదీ మార్చనవసరం లేదు.